రైలు తనంతట తానే ఆగినా టెక్నీషియన్ కావాల్సిందే: ఏఐ కాలంలో ఏ పనులకు గిరాకీ? ఎక్కడ నేర్చుకోవాలి?

2022 మార్చి 4. లింగంపల్లి-వికారాబాద్ మార్గంలో గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టాలపైకి రెండు ఇంజిన్లను ఎదురెదురుగా వదిలారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండోదాంట్లో రైల్వే బోర్డు ఛైర్మన్ ఉన్నారు. ఎదుటి ఇంజిన్ ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే బ్రేకులు వాటంతట అవే పడి రైలు ఆగిపోయింది. అది 'కవచ్' పరీక్ష. రైళ్లు ఢీకొనకుండా కాపాడే ఆటోమేటిక్ వ్యవస్థ ఇది.

ఈ వార్త చదివిన చాలామందికి వచ్చిన సందేహమే మీకూ వచ్చి ఉంటుంది. బ్రేకు కూడా యంత్రమే వేస్తే ఇక మనుషులకు పనేముంటుంది? ఇప్పుడు ఏఐ వచ్చాక ఆ సందేహం ఇంటింటికీ చేరింది. పదో తరగతి పూర్తయిన తమ్ముణ్ని ఏ కోర్సులో చేర్చాలి? బీటెక్ అయిపోయిన అమ్మాయి లక్షన్నర కట్టి 'ఏఐ కోర్సు' చేయాలా? ఐటీఐ అంటే బంధువులు చిన్నచూపు చూస్తారేమో?

ఫీజు కట్టేముందు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆటోమేషన్ కొన్ని పనులను తీసేస్తుంది, నిజమే. కానీ ఆ యంత్రాన్ని బిగించడానికి, నడపడానికి, పాడైతే అక్కడికక్కడే బాగుచేయడానికి నైపుణ్యం ఉన్న మనిషి కావాలి. ఆ మనిషి ఎక్కడో దూరాన ఉంటే కుదరదు, యంత్రం ఉన్నచోటే ఉండాలి. అలాంటి పనులు ఏమిటి, వాటికి ప్రభుత్వ దారులు ఏమున్నాయి, ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

కవచ్ ఎలా పనిచేస్తుంది? అందులో మనిషి ఎక్కడ?

కవచ్ అంటే ఇంజిన్‌లో పెట్టిన ఒక పెట్టె మాత్రమే కాదు. పట్టాల పొడవునా పరుచుకున్న వ్యవస్థ. అందులో ముఖ్యమైన భాగాలు ఇవీ:

- పట్టాల మధ్య స్లీపర్లకు బిగించే ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్‌లు. సుమారు కిలోమీటరుకు ఒకటి, సిగ్నళ్ల దగ్గర విడిగా మరికొన్ని ఉంటాయి. వీటిని చదివి ఇంజిన్ తాను ఎక్కడుందో తెలుసుకుంటుంది.
- ప్రతి స్టేషన్‌లో ఉండే కవచ్ యూనిట్. సిగ్నల్ ఎరుపా, ఆకుపచ్చా అన్న సమాచారాన్ని రేడియో ద్వారా ఇంజిన్‌కు పంపిస్తుంది.
- పట్టాల వెంట టవర్లు, స్టేషన్లను కలిపే ఆప్టికల్ ఫైబర్ కేబుల్.
- ఇంజిన్‌లో ఉండే లోకో కవచ్. వేగాన్ని లెక్కకట్టి, లోకో పైలట్‌ను హెచ్చరించి, ఆయన స్పందించకపోతే బ్రేకు వేస్తుంది.

ఇప్పుడు ఇదే జాబితాను మరో కోణంలో చదవండి. పట్టాల మరమ్మతు జరిగిన ప్రతిసారీ ట్యాగ్‌లు సరైన చోటే ఉన్నాయో లేదో ఎవరో ఒకరు చూసుకోవాలి. టవర్ ఎక్కి యాంటెన్నా సరిచేసే మనిషి కావాలి. ఫైబర్ తెగితే అతికే స్ప్లైసింగ్ తెలిసినవారు కావాలి. స్టేషన్ యూనిట్‌కు కరెంటు, బ్యాటరీ బ్యాకప్ చూసేవారు కావాలి. లోకో షెడ్‌లో బోర్డులు పరీక్షించేవారు, లాగ్ చూసి తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టేవారు కావాలి. ఈ పనులేవీ అమెరికాలోనో బెంగళూరులోనో కూర్చుని చేసేవి కావు. తాండూరు దగ్గర ఫైబర్ తెగితే అక్కడికి మనిషే వెళ్లాలి.

రైల్వే శాఖ చెప్పిన లెక్క ప్రకారం పట్టాల పక్కన ఏర్పాట్లకు కిలోమీటరుకు సుమారు 50 లక్షల రూపాయలు, ఒక్కో ఇంజిన్‌కు సుమారు 80 లక్షలు ఖర్చవుతుంది. అంత పెట్టి బిగించినదాన్ని ఏళ్ల తరబడి కాపాడుకోవాలంటే శిక్షణ పొందిన చేతులు తప్పనిసరి.

ఇందులో మన ప్రాంతం సంగతేంటి?

కవచ్‌కు తెలుగు నేలతో బంధం గట్టిది. ప్రయాణికుల రైళ్లపై తొలి క్షేత్రస్థాయి పరీక్షలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలోనే మొదలయ్యాయి. 2020 జులైలో దీన్ని జాతీయ వ్యవస్థగా ఎంచుకున్నారు. 2024 నాటికి 1,465 రూట్ కిలోమీటర్ల మేర ఇది దక్షిణ మధ్య రైల్వేలో అమలైంది. కవచ్ పరికరాలు తయారుచేయడానికి మొదట అనుమతి పొందిన మూడు సంస్థలు మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్ పవర్ సిస్టమ్స్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్. మూడూ హైదరాబాద్ కేంద్రంగా పనిచేసేవే.

శిక్షణ కూడా ఇక్కడే. సికింద్రాబాద్‌లోని ఇరిసెట్, అంటే రైల్వే సిగ్నల్, టెలికాం ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ, 1957 నుంచి ఉంది. కవచ్‌పై రైల్వే సిబ్బందికి శిక్షణ ఇచ్చే ప్రధాన కేంద్రం ఇదే. 2025 జులైలో రైల్వే శాఖ వెల్లడించిన వివరాల ప్రకారం అప్పటికి 30 వేల మందికి పైగా కవచ్‌పై శిక్షణ పొందారు. బీటెక్ పాఠ్యాంశాల్లో కవచ్‌ను చేర్చేందుకు 17 ఇంజినీరింగ్ విద్యాసంస్థలతో ఇరిసెట్ ఒప్పందాలు చేసుకుంది.

ఒక ఆటోమేటిక్ బ్రేకు కోసం 30 వేల మందికి పాఠం చెప్పాల్సి వచ్చిందన్న మాట.

ఇదంతా రైల్వేకే పరిమితమా?

కాదు. మీరు రోజూ వాడే ఏఐకీ ఇదే వర్తిస్తుంది.

ఫోన్‌లో ఏఐని ఒక ప్రశ్న అడిగితే జవాబు గాల్లోంచి రాదు. ఎక్కడో ఒక డేటా సెంటర్‌లోని సర్వర్లు లెక్కలు కట్టి పంపిస్తాయి. అమెజాన్ క్లౌడ్ సంస్థ ఏడబ్ల్యూఎస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. విశాఖపట్నంలో ఏఐ హబ్ కోసం 2026-2030 మధ్య అయిదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది.

డేటా సెంటర్ అనగానే కోడింగ్ చేసేవాళ్లు గుర్తొస్తారు. లోపలికి వెళ్లి చూస్తే కనిపించేది వేరు. అక్కడ పెద్ద సమస్యలు రెండు: కరెంటు, వేడి. సరఫరా ఒక్క క్షణం కూడా ఆగకూడదు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్‌లు, బ్యాటరీలు, డీజిల్ జనరేటర్లు వరుసగా ఉంటాయి. ఏఐ లెక్కలు కట్టే చిప్‌లు మామూలు సర్వర్ల కంటే ఎక్కువ వేడెక్కుతాయి కాబట్టి చిల్లర్లు, పైపులు, కొన్నిచోట్ల ద్రవంతో చల్లబరిచే ఏర్పాట్లు ఉంటాయి. వీటన్నిటినీ 24 గంటలూ షిఫ్టుల్లో చూసుకునేది ఎలక్ట్రీషియన్లు, ఏసీ టెక్నీషియన్లు, నెట్‌వర్క్ కేబులింగ్ చేసేవారు, అగ్నిమాపక వ్యవస్థ చూసేవారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. డేటా సెంటర్ కట్టేటప్పుడు వేలమందికి పని దొరుకుతుంది. కట్టడం పూర్తయ్యాక నడపడానికి కావాల్సిన వాళ్లు చాలా తక్కువ. అందుకే 'పెద్ద పెట్టుబడి వచ్చింది కాబట్టి ఊరందరికీ ఉద్యోగాలు' అన్న మాటను యథాతథంగా నమ్మకండి. ఉన్న కొద్ది ఉద్యోగాలు కూడా తగిన శిక్షణ ఉన్నవాళ్లకే వస్తాయి. స్థానికంగా అలాంటివాళ్లు లేకపోతే బయటి నుంచి తెచ్చుకుంటారు. తీసుకుంటున్నది స్థానికులనా, బయటివారినా అన్నది చివరికి ఆ జిల్లా ఐటీఐ, పాలిటెక్నిక్‌లో ఏం నేర్పుతున్నారన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

పొలాల్లోనూ ఇదే జరుగుతోంది. మందు కొట్టే పని డ్రోన్ చేస్తే కూలీకి ఆ పూట పని పోతుంది. అదే సమయంలో డ్రోన్ నడిపేవారు, రెక్కలు మార్చి బ్యాటరీ చూసేవారు కావాల్సి వస్తుంది. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని నిర్ణయించారు. సంఘం నుంచి ఒకరికి పైలట్ శిక్షణ ఇస్తారు. మరమ్మతులపై ఆసక్తి ఉన్న మరొకరికి డ్రోన్ సహాయకురాలిగా శిక్షణ ఇస్తారు. ఆ రెండో మనిషి లేకపోతే మొదటి రెక్క విరిగిన రోజే డ్రోన్ మూలన పడుతుందని పథకం రాసినవారికి తెలుసు.

భాష కూడా స్థానిక నైపుణ్యమే. కేంద్రం 2022లో ప్రారంభించిన భాషిణి వేదిక భారతీయ భాషల్లో అనువాదం, మాటను రాతగా మార్చడం వంటి సేవలు ఇస్తోంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఏళ్లుగా ఈ రంగంలో పనిచేస్తోంది. 'పొద్దుగాల', 'పొద్దున్నే' రెండూ ఒకటేనని యంత్రానికి నేర్పాలంటే వరంగల్ తెలుగు, శ్రీకాకుళం తెలుగు తెలిసినవాళ్లు కావాలి.

మరి పోయే ఉద్యోగాల మాటేంటి?

దీన్ని దాచాల్సిన పనిలేదు. ఒకే రకమైన పని పదేపదే చేసే ఉద్యోగాలకు గండి పడుతోంది. డేటా ఎంట్రీ, ప్రాథమిక స్థాయి కాల్ సెంటర్ పనులు, చెప్పినట్టు చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, చిన్నచిన్న కోడ్ ముక్కలు రాయడం ఇందులో ముందున్నాయి. దేశంలోనే అతిపెద్ద ఐటీ సంస్థ టీసీఎస్ 2025 జులైలో తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది.

ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక అంచనా ప్రకారం 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా 9.2 కోట్ల ఉద్యోగాలు పోతాయి, 17 కోట్లు కొత్తగా వస్తాయి. పై లెక్క బాగానే కనిపిస్తుంది. కానీ పోయిన ఉద్యోగం ఒకరిది, వచ్చిన ఉద్యోగం మరొకరిది కావచ్చు. డేటా ఎంట్రీ పని పోయినవారు మర్నాడే చిల్లర్ టెక్నీషియన్ కాలేరు కదా. మధ్యలో ఏడాదో రెండేళ్లో శిక్షణ కావాలి, ఆ కాలంలో ఇల్లు గడవాలి. అసలు సమస్య అక్కడే ఉంది. ప్రభుత్వ శిక్షణ, స్టైపెండ్ వంటివి అక్కరకు వచ్చేదీ అక్కడే.

ఈ భయం మనకు కొత్త కాదు. 1980ల్లో బ్యాంకుల్లో కంప్యూటర్లు వద్దని ఉద్యోగ సంఘాలు పోరాడాయి. 1983లో యాజమాన్యాలకు, సంఘాలకు ఒప్పందం కుదిరింది. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక కంప్యూటరీకరణ ఊపందుకుంది. లెడ్జర్ రాసే పని పోయింది. బ్యాంకులు మాత్రం పెరిగాయి, పని తీరు మారింది. మారిన పని నేర్చుకోవడానికి అప్పటి ఉద్యోగులకు సమయం దొరికింది. ఇప్పుడు మార్పు వేగం ఎక్కువ, దొరికే సమయం తక్కువ.

పదో తరగతి తర్వాత ఏం చేయొచ్చు?

ఐటీఐ అంటే పాత లేత్ మెషీన్లే గుర్తొస్తే మీ సమాచారాన్ని కొంచెం అప్‌డేట్ చేసుకోవాలి.

ఎలక్ట్రీషియన్, రిఫ్రిజిరేషన్-ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ వంటి రెండేళ్ల ట్రేడ్‌లకు ఇప్పుడు పాత రోజుల కంటే ఎక్కువ చోట్ల పని ఉంది. వీటితో పాటు ఇండస్ట్రియల్ రోబోటిక్స్-డిజిటల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నీషియన్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్ వంటి ఏడాది ట్రేడ్‌లు కూడా వచ్చాయి.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా, అంటే ఏటీసీలుగా మార్చే పనికి 2024 జూన్ 18న హైదరాబాద్ మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. ప్రాజెక్టు విలువ 2,324 కోట్ల రూపాయలు. వీటిలో ఆరు దీర్ఘకాలిక కోర్సులు ఉన్నాయి:

- మాన్యుఫాక్చరింగ్ ప్రాసెస్ కంట్రోల్-ఆటోమేషన్ (ఏడాది)
- ఇండస్ట్రియల్ రోబోటిక్స్-డిజిటల్ మాన్యుఫాక్చరింగ్ (ఏడాది)
- ఆర్టిజన్ యూజింగ్ అడ్వాన్స్‌డ్ టూల్స్ (ఏడాది)
- బేసిక్ డిజైనర్-వర్చువల్ వెరిఫయర్ (రెండేళ్లు)
- అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషీనింగ్ (రెండేళ్లు)
- మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ (రెండేళ్లు)

కేంద్రం కూడా దేశవ్యాప్తంగా 1,000 ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణకు 60 వేల కోట్ల రూపాయలతో పథకాన్ని 2025 మేలో ఆమోదించింది. 'పీఎం-సేతు' పేరుతో అది అదే ఏడాది అక్టోబరులో మొదలైంది. శిక్షకులకే శిక్షణ ఇచ్చే సామర్థ్యం పెంచేందుకు ఎంచుకున్న అయిదు జాతీయ సంస్థల్లో హైదరాబాద్‌లోని ఎన్‌ఎస్‌టీఐ ఒకటి.

పాలిటెక్నిక్ కావాలనుకుంటే పాలిసెట్ ద్వారా ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్ డిప్లొమాలు ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న కేంద్ర సంస్థ సీఐటీడీలో టూల్ అండ్ డై, ఆటోమేషన్-రోబోటిక్స్ వంటి డిప్లొమాలు పదో తరగతి తర్వాత చేయొచ్చు.

'ఐటీఐలో చేరితే చదువు అక్కడితో ఆగిపోతుంది' అన్నది అపోహ. ఐటీఐ తర్వాత లేటరల్ ఎంట్రీతో డిప్లొమా రెండో ఏడాదిలో, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది.

చదువుతూనే డబ్బులొచ్చే మార్గం ఉందా?

ఉంది. అదే అప్రెంటిస్‌షిప్. చాలామందికి తెలియక వదిలేసే అవకాశం ఇది.

1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కాబట్టి 'మమ్మల్ని ఎవరు తీసుకుంటారు' అని మొహమాటపడక్కర్లేదు.

2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ ఇలా ఉంది:

- పదో తరగతి పాసైనవారికి 6,000 రూపాయలు
- ఇంటర్ లేదా ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి 7,000
- డిప్లొమా ఉన్నవారికి 8,000
- డిగ్రీ ఉన్నవారికి 9,000

శిక్షణ రెండో ఏడాదికి సాగితే 10 శాతం, మూడో ఏడాదికి 15 శాతం పెంచాలి. ఇవి కనీస మొత్తాలు మాత్రమే, సంస్థ ఎక్కువ ఇవ్వొచ్చు. చేరే నాటికి రేట్లు మారి ఉండొచ్చు కాబట్టి పోర్టల్‌లో తాజా వివరం చూసుకోండి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు, కేంద్రం నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో వేస్తుంది.

నమోదు చేసుకోవడం ఇలా:

1. కేంద్ర నైపుణ్య శాఖ నడిపే 'అప్రెంటిస్‌షిప్ ఇండియా' పోర్టల్‌లో అభ్యర్థిగా నమోదు చేసుకోండి. డిప్లొమా, డిగ్రీ ఉన్నవారికి 'నాట్స్' పోర్టల్ విడిగా ఉంది.
2. ఆధార్, దానికి లింకైన బ్యాంకు ఖాతా, మార్కుల మెమోలు దగ్గర పెట్టుకోండి. ఆధార్‌లో, మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి.
3. మీ జిల్లా, ట్రేడ్ ఎంచుకుని ఖాళీలకు దరఖాస్తు చేయండి.
4. సంస్థ ఎంపిక చేస్తే ఒప్పందం పోర్టల్‌లోనే నమోదు కావాలి. నోటిమాటగా 'రేపట్నుంచి రా' అంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు.
5. శిక్షణ చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

రెండు విషయాలు ముందే తెలిసుండాలి. అప్రెంటిస్ అంటే ఉద్యోగి కాదు, శిక్షణార్థి. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా లేదు, ఒప్పందంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప. అయినా ఏడాది అనుభవం, జాతీయ సర్టిఫికెట్ చేతిలో ఉంటే తర్వాతి ఇంటర్వ్యూలో మీ స్థానం మారుతుంది.

రైల్వేలో చేరాలనుకుంటే?

దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్లు ఇస్తుంటుంది. పదో తరగతి, ఐటీఐ మార్కుల ఆధారంగా ఎంపిక ఉంటుంది, రాతపరీక్ష ఉండదు. రైల్వేలో అప్రెంటిస్ శిక్షణ పూర్తిచేసినవారికి లెవెల్-1 పోస్టుల భర్తీలో 20 శాతం కేటాయింపు ఉంది.

నేరుగా టెక్నీషియన్ పోస్టులకైతే రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ చూడాలి. 2024లో తొలుత 9,144 టెక్నీషియన్ పోస్టులు ప్రకటించి, తర్వాత ఆ సంఖ్యను 14,298కి పెంచారు. ఇందులో గ్రేడ్-1 సిగ్నల్ పోస్టులకు సంబంధిత డిప్లొమా, లేదా ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వంటి సబ్జెక్టులతో బీఎస్సీ ఉన్నవారు అర్హులు. బీఎస్సీ చేసి 'దీనికి విలువ లేదు' అనుకునేవారు ఈ పోస్టు పేరు గుర్తుపెట్టుకోండి.

ఇప్పటికే డిగ్రీ అయిపోయినవారు, పని చేస్తున్నవారు?

కేంద్రం 2023లో తెచ్చిన స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ యాప్‌లో ఉచిత కోర్సులు, దగ్గర్లోని శిక్షణ కేంద్రాల వివరాలు దొరుకుతాయి. ఐటీ రంగంలోని వారికి కేంద్ర ఎలక్ట్రానిక్స్-ఐటీ శాఖ, నాస్కామ్ కలిసి నడిపే ఫ్యూచర్ స్కిల్స్ ప్రైమ్ ఉంది. తెలంగాణ విద్యార్థులకు 'టాస్క్', ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎస్‌ఎస్‌డీసీ శిక్షణలు నిర్వహిస్తాయి.

పదేళ్లుగా ఏసీ మెకానిక్‌గానో, ఎలక్ట్రీషియన్‌గానో చేస్తున్నా చేతిలో కాగితం లేని వారు లక్షల్లో ఉన్నారు. అలాంటివారి కోసమే 'పూర్వ అభ్యాస గుర్తింపు' విధానం ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. మీకు వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన అవసరం లేదు. మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చే ఏసీ మెకానిక్‌కు ఈ విషయం తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి.

ప్రైవేటు 'ఏఐ కోర్సు'లో చేరేముందు ఏం చూడాలి?

మంచి సంస్థలు లేవని కాదు. కానీ 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అని బోర్డు పెట్టిన ప్రతిచోటా డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి:

- కోర్సుకు జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి ఎన్‌సీవీఈటీ గుర్తింపు ఉందా? ఉంటే ఎన్ఎస్‌క్యూఎఫ్ స్థాయి ఎంత? ఐటీఐ అయితే ఆ ట్రేడ్‌కు అనుబంధ గుర్తింపు ఉందా?
- కిందటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? ముగ్గురి నంబర్లు ఇస్తారా?
- యంత్రం లేదా ల్యాబ్ కళ్లారా చూపిస్తారా, లేక అంతా వీడియో పాఠాలేనా?
- మధ్యలో మానేస్తే ఫీజు వాపసు నిబంధన కాగితం మీద ఉందా?
- ఫీజును 'ఈఎంఐ' అంటూ మీ పేరిట లోన్‌గా మారుస్తున్నారా? మారిస్తే కోర్సు నచ్చక మానేసినా వాయిదాలు మీరే కట్టాలి.

ఉద్యోగంలో చేరేటప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. టెక్నీషియన్ పనుల్లో చాలావరకు కాంట్రాక్టరు ద్వారానే ఉంటాయి. పీఎఫ్, ఈఎస్ఐ కడతారా, జీతం బ్యాంకులో వేస్తారా, ఎత్తులో, కరెంటు దగ్గర పనిచేసేటప్పుడు భద్రతా పరికరాలు ఇస్తారా అని నియామక పత్రం తీసుకునేముందే తేల్చుకోండి. గిరాకీ ఉన్న నైపుణ్యం చేతిలో ఉన్నవారికే ఈ ప్రశ్నలు అడిగే ధైర్యం ఉంటుంది.

ఇక ఏది ఎంచుకోవాలి?

ఏ కోర్సయినా, ఏ ఉద్యోగమైనా మూడు ప్రశ్నలతో తూచి చూడండి. ఈ పని చేయడానికి మనిషి అక్కడే ఉండాలా? తప్పు జరిగితే దాని కారణం కనిపెట్టే తెలివి ఇందులో ఉందా? యంత్రం కొత్తదైతే నా నైపుణ్యం పనికిరాకుండా పోతుందా, దానిపైనే మరో మెట్టు కట్టుకోవచ్చా? ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కూలింగ్, నెట్‌వర్కింగ్ పునాదులు ఉన్నవారు కొత్త యంత్రం నేర్చుకోవడానికి నెలలు చాలు. ఒకే సాఫ్ట్‌వేర్ మెనూ బట్టీపట్టినవారు ఆ మెనూ మారగానే మళ్లీ మొదటికి వస్తారు.

ఈ వారం చేయదగ్గ పని ఒకటే. మీ ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకో, ఏటీసీకో, పాలిటెక్నిక్‌కో ఒకపూట వెళ్లి రండి. ల్యాబ్ చూడండి, అక్కడి శిక్షకుడితో మాట్లాడండి, కిందటేడాది విద్యార్థులు ఏ కంపెనీల్లో చేరారో అడగండి. గుల్లగూడ దగ్గర ఆ రోజు ఇంజిన్ సమయానికి ఆగిందంటే అంతకుముందు ఎవరో ఆ ట్యాగ్‌లు బిగించి, ఆ రేడియోను పరీక్షించి, సరిగ్గా ఉందని సంతకం పెట్టబట్టే. అలాంటి సంతకం పెట్టగలిగినవారికి ఏఐ కాలంలోనూ పని ఉంటుంది.